మంచి చెయ్యి

చెబుదాంలే, ఇప్పుడే చెప్పకపోతే కొంపలేం మునిగిపోవు అనుకుంటూ తలుపులమ్మ తన చిన్న ఫోనుని మళ్ళీ బొడ్లో దోపుకుంది. మాట్లాడింది హారతి మేడమ్. ఎక్కిన బస్సు రామచంద్రపురం దాటాక చెడిపోయిందట, ఎవరిదో స్కూటీ అడిగి పుచ్చుకుని వస్తోందట. లోకనాథ్ గారి ఫోన్ కలవడం లేదమ్మా, కంగారు పడొద్దని చెప్పండి, కాస్త ఆలస్యమైనా నేనే వచ్చి బోణీ చేస్తానని చెప్పండి అంది. లోకనాథ్ గారట. కన్నతల్లితో మాట్లాడేటప్పుడు కూడా కొడుకు పేరుకి గారు తగిలించే మనిషిని తలుపులమ్మ ఈ తాళ్ళరేవు చుట్టుపక్కల ఇంకెక్కడా చూడలేదు. ఆ లోకనాథ్ గారు నాలుగడుగుల దూరంలోనే ఉన్నారు. యానాం వెళ్ళే రోడ్డు పక్కన కొత్తగా వేసిన రేకుల షెడ్డు ముందు, నీలం పట్టా మీద స్పానర్లని చిన్నదాని నుంచి పెద్దదాని దాకా పేర్చి, పేర్చినవే మళ్ళీ పేరుస్తూ, మధ్యమధ్యలో తలెత్తి ద్రాక్షారామం వైపు చూస్తున్నారు. వాడి ఫోను పక్క టిఫిన్ హోటల్లో చార్జింగుకి పెట్టి ఉంది. అది కలవకపోతే దిక్కు తన ఫోనే. చెప్పాల్సింది ఒక్క ముక్క. ఆవిడ వస్తోందిరా అని. ఆ ఒక్క ముక్క గొంతులో చేపముల్లులా అడ్డం తిరిగి కూర్చుంది. ఉండనీ, కాసేపు ఎదురుచూడనీ. అర్ధరాత్రి దాకా గుమ్మంలో కూర్చుని వీడి కోసం తను ఎదురుచూడలేదా? అప్పుడు వీడి కోసం ఎవరూ ఫోన్ చెయ్యలేదే తనకి.

పొద్దున్నే కొబ్బరికాయ కొట్టారు. గుమ్మానికి నిమ్మకాయలూ మిరపకాయలూ కట్టారు. వీడితో పాటు నేర్చుకున్న కుర్రాళ్ళు వచ్చి బూందీ తిని, వీడి వీపు మీద నాలుగు చరిచి, ఎవరి పనులకి వాళ్ళు పోయారు. ఇంక మిగిలింది బోణీ ఒక్కటే. బుధవారం, పన్నెండింటికి రాహుకాలం, ఆ లోపు మొదటి బేరం పడాలి. మొదటి బేరానికి మేడమ్ గారే రావాలి, ఆవిడ చెయ్యి మంచిదమ్మా అన్నాడు వీడు నిన్న రాత్రి అన్నం తింటూ. అన్నం పెట్టిన చెయ్యి ఎదురుగా ఉండగా అన్నాడు. బోణీ గురించి వీడు తనకి చెబుతాడు. చేపల తట్ట నెత్తిన పెట్టుకుని ఊళ్ళు తిరిగిన దానికి, గుమ్మం ముందు తట్ట దించగానే ఎవరి ముఖం చూస్తే సాయంత్రానికి తట్ట ఖాళీ అవుతుందో, ఎవరు మొదటి బేరం ఆడితే కవళ్ళ చేపలు కుళ్ళి ఇంటికి తిరిగొస్తాయో ముప్పై గుమ్మాలకీ విడివిడిగా తెలిసిన దానికి చెబుతాడు. బోణీ బేరం కాదనకూడదు. అప్పు పెట్టకూడదు. నష్టమైనా సరే ఇచ్చెయ్యాలి, డబ్బు కళ్ళకద్దుకోవాలి. బోణీ అయ్యాక మాత్రం చేప మనది, కత్తి మనది, ఇష్టముంటే ఇస్తాం, లేకపోతే పొమ్మంటాం. ఇవన్నీ వీడికి ఎవరు చెప్పారు? పాలు తాగే వయసు నుంచీ తట్ట పక్కన కూర్చోబెట్టి తను చెప్పింది. చెప్పిన నోరు తనది, చెయ్యి మాత్రం మేడమ్ గారిది. తన చెయ్యి ఎలాంటిదో రేవంతా చెబుతుంది. పడవలొచ్చి చేపలు పోసి వేలంపాట మొదలెట్టగానే ఆడాళ్ళంతా ముందుకు తోసుకుంటుంటే తను వెనక్కి జరిగి, తాడుచుట్ట మీద కూర్చుంటుంది. మొదటి పాట ఎవరో ఒకరు పాడాక లేచి వెళుతుంది. జరగమని ఎవరూ అనలేదు. మొగుడు సత్తియ్య వాయుగుండంలో పోయిన ఏడాది, తను చెయ్యెత్తి మొదటి పాట పాడబోతే అమ్మేవాడు వినిపించుకోనట్టు అటు తిరిగాడు. అంతే. అది చాలు. అప్పట్నుంచి తనే జరుగుతోంది.

మరి హారతి మేడమ్‌కి మొగుడెక్కడున్నాడు? ఇంటికొచ్చినప్పుడు ఆవిడే చెప్పింది, అన్నం కలుపుకుంటూ, ఏదో బస్సు తప్పిపోయిందన్నట్టు చెప్పింది. కుదరలేదమ్మా, విడాకులు తీసుకున్నాం, ఆయన విశాఖపట్నంలో ఉంటారు అని. అయినా ఆవిడ బొట్టు ఆవిడకుంది. రెండు చేతులకీ సన్నగాజులు ఉన్నాయి. ఆవిడ చెయ్యి మంచిది. చదువుకున్న చెయ్యికి ఈ లెక్కలు వర్తించవు కాబోలు. తనకీ మొగుడు లేడు, ఆవిడకీ లేడు. తను తాడుచుట్ట మీద కూర్చోవాలి, ఆవిడ వచ్చి బోణీ చెయ్యాలి. ఈ మాట పైకి అంటే పాపం తగులుతుంది. అనదు. లోపల మాత్రం పొద్దున్నుంచీ అదే కుతకుతలాడుతోంది. ఆవిడ చెడ్డదైతే ఎంత బాగుండేది. నాలుగు తిట్టి, మట్టి దులిపేసుకునేది. చెడ్డది కాకపోవడమే అన్నిటికన్నా పెద్ద బాధ.

లారీ ఒకటి దుమ్ము రేపుకుంటూ పోయింది. వాడు స్పానర్ల మీద పడ్డ దుమ్ముని గుడ్డతో తుడిచాడు. ఎంత శుభ్రం. ఇంట్లో కంచం తీసేవాడు కాదు. ఈ చేతులే కవళ్ళ తట్టలో సీసాలు పేర్చాయి. అవతల యానాంలో చవగ్గా దొరికే మందు, ఇవతలకొస్తే రెట్టింపు. వంతెన దగ్గర కానిస్టేబుళ్ళు బైకులు ఆపుతారు, సంచులు తడుముతారు, చేపల తట్ట మాత్రం ముట్టుకోరు, కంపు. ఆ ఉపాయం ఎవరిదో కానీ తట్ట మాత్రం తనది. అడుగున సీసాలు, సీసాల మీద ఐసు, ఐసు మీద కవళ్ళు. సైకిలు వెనక తట్ట కట్టుకుని అమ్మకి చేపలు తెస్తున్నాననేవాడు. పదిహేనేళ్ళ వెధవ. నా బిడ్డ ఎంత కష్టపడుతున్నాడో అని తను మురిసిపోయింది కూడాను. ఒకనాడు కొత్తగా వచ్చిన కానిస్టేబులొకడు, వాసన పట్టనివాడేమో, నడిబజారులో తట్ట బోర్లించాడు. సీసాలు దొర్లుకుంటూ వచ్చి తన కాళ్ళ దగ్గర ఆగాయి. పోలీసులు కొట్టారని కాదు, పట్టుకెళ్ళారని కాదు, ఎదురుగా చేపలమ్మే రాణి కొంగు అడ్డం పెట్టుకుని నవ్విందని ఏడ్చింది తను. మొగుడు కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు ఏడ్చిందని సామెత ఊరికే రాలేదు. ఇంటికి తెచ్చాక వలతాడుతో బాదింది. రాటకి కట్టేసింది. అన్నం మాన్పించింది, తనూ మానేసింది. తన పేరున్న తలుపులమ్మ లోవ గుడికి తీసుకెళ్ళి అమ్మవారి గుమ్మంలో ఒట్టు వేయించింది. నెల తిరక్కుండా వాడు మళ్ళీ తట్ట కట్టాడు. రెండోసారి పట్టుకున్నప్పుడు ఎస్సై గారు, కేసు రాస్తే కుర్రాడు పాడైపోతాడమ్మా, ఒడ్డుకి పంపుతున్నాను అన్నారు. ఏ ఒడ్డండీ అని అడిగింది తను వెర్రిదానిలా.

ఒడ్డు అంటే పాత తుఫాను షెల్టరు. గాలివానలప్పుడు తప్ప ఎవరూ ఎక్కని ఆ మేడ మీద రాజమహేంద్రవరం నుంచి వచ్చిన హారతి మేడమ్, ఇద్దరు రిటైరైన మేస్టర్లు, ఒక మెకానిక్ మేస్త్రి కలిసి ఆ పేరుతో కుర్రాళ్ళకి బడిలాంటిది నడుపుతున్నారు. స్టేషను దాకా వెళ్ళొచ్చిన కుర్రాళ్ళు, వెళ్ళబోయే కుర్రాళ్ళు, బడి మానేసినవాళ్ళు సాయంత్రమయ్యేసరికి అక్కడ ఉండాలి. చదువు చెబుతారు, ఇంజన్లు విప్పదీయిస్తారు, వాలీబాల్ ఆడిస్తారు, అన్నం వండిస్తారు. వాళ్ళ గదులు వాళ్ళే ఊడ్చుకోవాలి. అక్కడ ఎన్ని దెబ్బలు కొడతారో అని మొదటిరోజు తను మెట్ల కింద నిలబడి చెవులు రిక్కించింది. దెబ్బల చప్పుడు రాలేదు. మీరేం తిన్నారు మధ్యాహ్నం, అని ఒక ఆడగొంతు వినబడింది. వాడు జవాబివ్వలేదు. మీరంటే ఎవరో అనుకుని ఉంటాడు, వెనక్కి తిరిగి చూసుకుని ఉంటాడు. పుట్టిన దగ్గర్నుంచీ ఒరే, ఏరా, సచ్చినోడా, గాడిదా తప్ప వాణ్ణి మీరు అన్నవాళ్ళు లేరు. బియ్యంలో రాళ్ళు ఏరినట్టు ఆవిడ ఒక్కొక్క కుర్రాడినీ ఏరి మీరు, మీరు అంది. దాంతో పడిపోయారు వెధవలు. నా వలతాడుకి పడనివాళ్ళు, నా ఏడుపుకి కరగనివాళ్ళు, అమ్మవారి ఒట్టుకి జడవనివాళ్ళు ఒక మీరుకి పడిపోయారు. అంత తేలికని తెలిస్తే తనూ అనేదిగా. అనేదా? ఒకసారి అని చూసింది. వాడు లేని సమయంలో, పొయ్యి ముందు కూర్చుని, లోకనాథ్ గారూ, అన్నానికి రండి అని. తన గొంతు తనకే దొంగగొంతులా వినబడింది. నవ్వొచ్చింది, ఆ తర్వాత నవ్వు ఆగిపోయింది.

వాడు మారాడు. మారినట్టు ముందు ఊరికి తెలిసింది, తనకి ఆఖరున తెలిసింది. అందరూ వచ్చి మేడమ్ గారు నీ కొడుకుని మనిషిని చేశారు అనేవాళ్ళు. అంటే తను కన్నది మనిషిని కాదా, పందికొక్కునా? తొమ్మిది నెలలు మోసింది తను, సత్తియ్య పోయాక తట్ట నెత్తినెత్తుకుని కూడు పెట్టింది తను, మనిషిని చేసింది మాత్రం ఆవిడ. ఆవిడ ఇంటికొస్తానందని వాడు ఇల్లంతా పేడతో అలికాడు, పక్కింటి నుంచి కుర్చీ తెచ్చాడు. తను పండుగప్ప పులుసు పెట్టింది. కావాలనే కారం రెట్టింపు పోసింది. ఇప్పుడు తలచుకుంటే సిగ్గేస్తుంది కానీ, అప్పుడు ఎంత ఆనందంగా పోసిందో. ఆవిడ మొదటి ముద్దకే కళ్ళ నీళ్ళు పెట్టుకుంది. ముక్కు ఎర్రబడింది. చాలమ్మా అని లేస్తుందనుకుంటే, ఇంకొంచెం వెయ్యండి, మా అమ్మ ఇలాగే చేసేది అంది. వీడేమో చెంబు పట్టుకుని నీళ్ళు, నీళ్ళు అంటూ ఆవిడ చుట్టూ తిరిగాడు. ఇన్నేళ్ళలో తనకి పొలమారితే ఒక్కసారి నీళ్ళిచ్చిన పాపాన పోలేదు. పొరుగింటి పుల్లకూర రుచి అంటారు, కానీ ఆవిడకి తన కూరే రుచించింది, తన కొడుకే నచ్చాడు, ఏం చెయ్యాలి అలాంటి మనిషిని.

"అమ్మా." వాడు లేచి వచ్చాడు. చెమటకి చొక్కా వీపుకి అతుక్కుంది. "మేడమ్ గారేమైనా ఫోన్ చేశారా నీకు?"

"నాకెందుకు చేత్తారురా," అంది తలుపులమ్మ.

అనేసింది. ఇంత తేలిగ్గా వచ్చేసింది అబద్ధం. వాడు తల ఊపి మళ్ళీ వెళ్ళి స్పానర్ల ముందు గొంతుక్కూర్చున్నాడు. కానీ ఇందాకటిలా కాదు, భుజాలు దిగిపోయాయి. ఆ దిగిపోయిన భుజాలు చూస్తే ఒక పక్క లోపలెక్కడో చల్లగా ఉంది. చూశావా, నీ మేడమ్ గారు రాలేదు. వంద మంది కుర్రాళ్ళున్నారు ఆవిడకి, నువ్వొక లెక్కా? నీ కోసం ఎండలో నిలబడింది ఎవరు, పొద్దున్నుంచీ పచ్చినీళ్ళు కూడా తాగకుండా నిలబడింది ఎవరు, కాస్త అటు కాదు, ఇటు చూడు. ఇంకో పక్క అదే చోట ఏదో చెయ్యి పెట్టి పిండినట్టు ఉంది. అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తిననివ్వదు అంటారు, ఆ అమ్మ తనేనా? ఛ, చెబుతుంది, చెప్పకుండా ఎలా ఉంటుంది. కాసేపాగి. వాడు ఒక్కసారి, అమ్మా పోనీ నువ్వే బోణీ చెయ్యి అంటే చెబుతుంది. అంటే వద్దంటుంది. నా చెయ్యి వద్దురా నాయనా, మేడమ్ గారు వస్తున్నారు, దారిలో ఉన్నారు, ఆవిడే చెయ్యాలి అని తనే చెబుతుంది. కానీ వాడు అడగాలి ముందు. ఒక్కసారి అడిగితే చాలు. అడిగించుకోవడానికే కదా ఇదంతా. వాడు అడగలేదు. పనిముట్ల పెట్టెలోంచి ఏదో తీస్తుంటే మూత జారి బొటనవేలి మీద పడింది. "అమ్మా," అన్నాడు వాడు, నొప్పికి వేలు నోట్లో పెట్టుకుంటూ. పిలిచింది తనని కాదు. అయినా తలుపులమ్మ ముఖం విచ్చుకుంది. ఒడ్డులో ఎన్ని నేర్పినా ఇది మాత్రం మాన్పించలేకపోయింది మేడమ్ గారు. దెబ్బ తగిలితే మేడమ్ అని ఎవడూ అనడు.

అప్పుడే యానాం వైపు నుంచి బుల్లెట్టు చప్పుడు వినబడింది. చప్పుడుని బట్టే ఎవరిదో తెలిసిపోయింది తలుపులమ్మకి. అప్పాజీ. ఇస్త్రీ చొక్కా, మెడలో గొలుసు, ముఖాన చెరగని చిరునవ్వు. ఈ మనిషిని తిట్టడానికి తనకి నోరు రాదు, అదే వచ్చిన చిక్కు. సత్తియ్యతో ఒకే వల లాగినవాడు. వాయుగుండం పట్టాక సత్తియ్య పడవ రాలేదని తెలిసి, ఎవరూ సముద్రంలోకి దిగనంటే తానొక్కడే దిగినవాడు. మూడోనాడు శవాన్ని ఎత్తుకొచ్చి ఈ చేతుల్లో పెట్టినవాడు. వదినా, నేనున్నాను అన్నాడు. ఉన్నాడు. లోకనాథ్, బాబాయ్ బాబాయ్ అంటూ అప్పాజీ వెనకాలే తిరిగాడు, సముద్రానికి కాదు, యానానికి. తట్ట ఉపాయం ఎవరిదో తనకి తెలియదని ఇందాక అనుకుంది కానీ, తెలుసు. తెలిసీ ఇన్నాళ్ళూ తెలియనట్టు ఉంది. శవాన్ని తెచ్చిచ్చిన చేతిని దొంగచెయ్యి అనడానికి మనసొప్పక ఊరుకుంది.

"ఎండలో నిలబడ్డావేంటి వదినా," అన్నాడు అప్పాజీ బండి స్టాండు వేస్తూ. "ఏరా అబ్బాయ్, షాపు పెట్టేత్తే బాబాయికి కబురు చెయ్యొద్దా? బోణీ అయ్యిందా?"

"లేదు బాబాయ్," అన్నాడు లోకనాథ్. గొంతు నూతిలోంచి వచ్చినట్టు ఉంది.

"అయితే నాదే బోణీ. ఈ బండి ఉంచు. ఏం చెయ్యక్కర్లేదు, రిపేరు లేదు ఏం లేదు. సీటు కింద నువ్వు చూడొద్దు. సాయంత్రం ఒకడొచ్చి తీసుకుపోతాడు. వారానికోసారి ఇలా ఉంచితే చాలు." జేబులోంచి మడతపెట్టిన నోటు తీసి రెండు వేళ్ళతో చాచాడు. "తీసుకో, మంచి గడియ పోతాది."

వాడు ఆ నోటు వైపు చూశాడు. ద్రాక్షారామం వైపు చూశాడు. రోడ్డు ఖాళీగా ఉంది. నడినెత్తికి వచ్చిన సూర్యుణ్ణి చూశాడు. ఆ చూపులన్నీ తలుపులమ్మ చూసింది. ఒళ్ళంతా నిప్పు పోసినట్టయింది. వాడు ఏమనుకుంటున్నాడో వాడి కన్నా ముందే తనకి తెలుసు. ఆవిడ రాలేదు. నన్ను నమ్మానంది, మర్చిపోయింది. వచ్చింది బాబాయే. బోణీ బేరం కాదనకూడదు, అమ్మే చెప్పింది. చేతిని గుడ్డకేసి తుడుచుకుంటున్నాడు. తుడుచుకోవడం అయిపోతే ఆ చెయ్యి ముందుకొస్తుంది. మొదటి చెయ్యి అప్పాజీది అయితే షాపు అప్పాజీది. వారానికో బండి, రెండు వారాలకి రెండు బండ్లు, ఒకనాడు పోలీసులొచ్చి రేకులు పీకి అవతల పారేస్తారు. ఈసారి కుర్రాడని వదలరు, పద్దెనిమిది నిండాయి, ఈసారి ఒడ్డు కాదు, జైలే. తన తట్టని వాడు దొంగతట్ట చేస్తే, వాడి షాపుని తను దొంగషాపు చేస్తోంది. ఎందుకు? ఒక్క ముక్క చెప్పలేక. ఒక ఆడది వాణ్ణి మీరు అన్నందుకు.

"ఆగరా," అంది తలుపులమ్మ. అడుగు ముందుకేసి మళ్ళీ అంది. "ఆగు. ఆ డబ్బు ముట్టుకోకు. బోణీ మేడమ్ గారిది. ఆవిడ వత్తన్నారు."

వాడి చెయ్యి ఆగింది. "ఎవరు చెప్పారు?"

"ఆవిడే. ఫోన్ చేశారు. బస్సు పాడైపోయిందంట, బండి మీద వత్తన్నారంట. నువ్వడక్కముందే చేశారు."

వాడు తల్లి వైపు చూశాడు. ఆ చూపుకి తలుపులమ్మ తల దించుకోలేదు. దించుకుంటే అప్పాజీ చెయ్యి ఇంకో అంగుళం ముందుకొస్తుంది. అప్పాజీ నవ్వాడు, ఎప్పటి నవ్వే. "గుమ్మంలోకొచ్చిన బోణీని తిప్పి పంపుతావా వదినా? చేపలమ్మే దానివి, నీకు నేను చెప్పాలా? సొంత బాబాయి లాంటోణ్ణి నేనుండగా, ఎక్కడో రాజమండ్రి నుంచి దిగాలా ఆవిడ? ఇంతకీ ఏమవుద్ది ఆవిడ మనోడికి?"

ఏమవుతుంది? మూడేళ్ళుగా తనూ అదే అడుగుతోంది, పొయ్యిని అడిగింది, అమ్మవారిని అడిగింది. పులుసులో కారం పోస్తూ అడిగింది. జవాబు తెలియక కాదు. ఆ జవాబు తన నోటితో చెప్పాల్సి వస్తుందని భయపడి అడుగుతూనే ఉండిపోయింది, అంతే. "నాకు చేతకాంది చేసిన మనిషవుద్ది," అంది. అన్నాక నాలుక కాలినట్టు అనిపించింది. అప్పాజీ నోటు జేబులో పెట్టుకుని బండి సీటు మీద పక్కకి కూర్చున్నాడు. సరే, బోణీ ఆవిడదే కానీ, రెండో బేరం నాది, నాకేం తొందర లేదు అన్నాడు.

హోటల్లో ఎవరో గారెలు తీస్తున్నారు, నూనె చిటపటలాడుతోంది. లోకనాథ్ తల్లి వైపు తిరగలేదు. దవడ బిగుసుకుని ఉంది, అచ్చం సత్తియ్య దవడ. వాడు ఇంక తనతో మాట్లాడడేమో, అన్నానికి రాడేమో, ఒడ్డులోనే పడుకుంటాడేమో. పడుకోనీ. జైల్లో పడుకోవడం కన్నా నయం. ఇలా అనుకుంటూనే, పోతే పోయి ఆవిడ దగ్గరే ఉండు అని కడుపులో ఒక మూల తిట్టుకుంది కూడా. కుళ్ళు ఎక్కడికీ పోలేదు. అలాగే ఉంది. చేతిని మాత్రం పట్టి ఆపగలిగింది, అదే చాలనుకుంది.

స్కూటీ వచ్చింది. హారతి మేడమ్ ముఖమంతా దుమ్ము, జడ సగం ఊడింది, చీర కుచ్చెళ్ళకి గ్రీజు మరక. అదరాబాదరాగా దిగి, "సారీ లోకనాథ్ గారూ, రాహుకాలం రాలేదు కదా, వెనక టైరులో గాలి తక్కువుంది, కొట్టండి," అంది ఒకే ఊపిరిలో. వాడి ముఖంలో వెలుగు చూసి తలుపులమ్మ అటు తిరిగిపోయింది. మళ్ళీ చూడకుండా ఉండలేక ఇటు తిరిగింది. వాడు మోకాళ్ళ మీద కూర్చుని గొట్టం బిగించాడు, గాలి పట్టాడు, టైరుని బొటనవేలితో నొక్కి చూశాడు. ఆవిడ ఇచ్చిన డబ్బుని రెండు చేతులా పుచ్చుకుని కళ్ళకద్దుకున్నాడు. అద్దుకోవడం తను నేర్పినట్టే అద్దుకున్నాడు, ముందు కుడికంటికి, తర్వాత ఎడమకంటికి. అయిపోయింది. తన కొడుకు బతుకులో మొదటి బేరం ఇంకో ఆడదాని చేతి మీదుగా జరిగిపోయింది. ఏడుపు రాలేదు. కళ్ళు మాత్రం మండాయి.

"అయ్యిందిగా," అన్నాడు అప్పాజీ లేస్తూ. "ఇంక నా బండి లోపల పెట్టు."

లోకనాథ్ కదల్లేదు. భయం వాడి మెడ మీద కనిపిస్తోంది, నరం కొట్టుకుంటోంది. హారతి ఒకసారి అప్పాజీని, ఒకసారి వాణ్ణి చూసి ఏదో అనబోయింది. ఆవిడ కన్నా ముందు తలుపులమ్మ అందుకుంది, ఊళ్ళో వీధి చివరి గుమ్మానికి వినబడే గొంతుతో. "బోణీ అయిపోయింది అప్పాజీ. కాదనకూడంది బోణీ బేరం ఒక్కటే. ఇంక ఎవరి బండి ముట్టుకుంటాడో, ఎవరిది ముట్టుకోడో ఆడిష్టం."

రోడ్డు మీద పోయేవాళ్ళు ఇద్దరు ఆగారు. లోకనాథ్ అప్పాజీ వైపు తిరిగాడు. "మీ బండి నేను ముట్టుకోనండి," అన్నాడు. "తీసుకెళ్ళిపోండి."

బాబాయ్ అనలేదు. అండి అన్నాడు. మేడమ్ గారిని పిలవడానికి వాడుకునే ఆ అండినే తీసుకెళ్ళి అప్పాజీకి అడ్డంగా తడికలా కట్టాడు. అప్పాజీకి అర్థమైంది, నవ్వు మొదటిసారి ముఖం మీద నిలవలేదు. తలుపులమ్మ వైపు చూసి, సర్లే వదినా అన్నాడు. ఆ మాటలో సముద్రం, శవం, అన్నీ ఉన్నాయి. బుల్లెట్టు చప్పుడు యానాం వైపు పోయి పోయి ఆగిపోయింది. రేపు ఊరుకుంటాడా, ఊరుకోడు, ఇంకోలా వస్తాడు. రేపటి సంగతి రేపు.

అప్పుడు వాడు తల్లి మీదికి తిరిగాడు. "నువ్వసలు మనిషివేనా?" అన్నాడు. మూడేళ్ళు ఒడ్డులో నేర్చుకున్న భాషంతా ఎటు పోయిందో పోయింది. "ఫోనొచ్చిందని సెప్పడానికి నోరు పడిపోయిందా నీకు? ఆవిడ రారేమోనని ఇక్కడ నా పాణం పోతంది. ఇంకాసేపైతే ఆడి డబ్బు పుచ్చేసుకుందును. నీకు బుద్దుందా? ఏం మనిషివే నువ్వు?" గొంతు పగిలిపోయింది, కళ్ళ నీళ్ళు గ్రీజు చేత్తో తుడుచుకుంటే ముఖమంతా నల్లగా పులుముకుపోయింది. తలుపులమ్మ నిలబడి వింటోంది. వింటున్నకొద్దీ కడుపులో పొద్దున్నుంచీ బిగుసుకున్నదేదో వదులవుతోంది. మేడమ్ గారికి మీరు, అప్పాజీకి అండి. లోకంలో వీడికి నువ్వు అని తిట్టుకోవడానికి మిగిలింది ఎవరు?

"లోకనాథ్ గారూ," అంది హారతి మెత్తగా, దగ్గరికొచ్చి వాడి భుజం మీద చెయ్యి వేస్తూ. "అమ్మగారితో అలా మాట్లాడకూడదు. పెద్దవారు కదా, మీరు అని..."

తలుపులమ్మ ఆ చేతిని వాడి భుజం మీంచి తీసి పక్కన పెట్టింది, మెల్లగానే.

"మీరు కాసేపు ఊరుకోండి మేడమ్ గారూ," అంది. "ఆడు తిట్టేది నన్నండి."